ఎవరి తాలూకు? — హెబ్బగోడి వీధులలో రాజకీయపు చీటీలు

బెంగుళూరునుండి హోసూరునకు పోవు రాజమార్గమున, ఎలక్ట్రానిక్ సిటీ దాటిన పిదప, బొమ్మసంద్ర పారిశ్రామిక వాడకు ముందు, హెబ్బగోడి యను ఊరున్నది. పరిపాలనలో అది ఆనేకల్ తాలూకాకు చేరినది. తెలుగువాని చెవికి ఆ పేరులో గోడ యొకటి వినిపించును. ఇది వ్యుత్పత్తి కాదు, వట్టి చెవిభ్రాంతి. ఐనను ఈ వ్యాసమునకు ఆ భ్రాంతి తగియే యున్నది. ఏలయన మేమిచట చెప్పబోవునది గోడల కథ. గోడలమీదను, గుమ్మములమీదను, బండ్లమీదను జనులు తామై అతికించుకొనిన, లేక ఇతరులు వచ్చి అతికించి పోయిన, చిన్న చిన్న రాజకీయపు చీటీల కథ.

ఈ ఊరికి తెలుగువారు ఎట్లు వచ్చిరని అడుగువారికి ఆ రాజమార్గమే సమాధానము చెప్పును. నేడు 44వ సంఖ్య గల ఈ జాతీయ రహదారియే హైదరాబాదు, కర్నూలు, గుత్తి, అనంతపురములమీదుగా బెంగుళూరు చేరి, హెబ్బగోడి ముందుగా హోసూరునకు, కృష్ణగిరికి సాగిపోవుచున్నది. హోసూరు ప్రాంతమున తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నున్నవి. కర్మాగారములు వెలసిన తరువాత అనంతపురము, చిత్తూరు జిల్లాలనుండి పనికొఱకు వచ్చినవారు వారికి తోడైరి; తరువాత కంప్యూటరు చదువులు చదివిన యువకులు నలుమూలల తెలుగునాటినుండి వచ్చిరి. పంచాయతీగా నుండిన ఊరు నగరసభ యయ్యెను. 2025 ఆగస్టు 10వ తేదీన ప్రారంభమైన మెట్రో రైలు పసుపు మార్గమున ‘బయోకాన్ హెబ్బగోడి’ యను పేర నొక నిలయము కూడ ఏర్పడినది.

ఒక ఆదివారము ఉదయమున మేము ఇద్దరు ముగ్గురము మిత్రులము కలిసి ఆ వీధులలో నడచితిమి. చరిత్ర యనగానే కోటలను, శాసనములను వెదకుట మన యలవాటు. ఆనాడు మేము కండ్లెత్తి చూచినది ద్విచక్ర వాహనముల మడ్గార్డులను, ఆటోల వెనుక అద్దములను, నీళ్ల ట్యాంకరుల పొట్టలను, ‘ఆంధ్రా స్టైల్ పి.జి.’ యని వ్రాసియున్న వసతిగృహముల గేట్లను. అచట కన్నడనాటి పసుపు ఎఱుపుల జెండా కలదు. నీలివర్ణమున అంబేద్కరు మహాశయుని ముఖము కలదు. 1990లో మరణించిన శంకర్ నాగ్ నేటికిని ఆటోల వెనుక నవ్వుచున్నాడు. 2021లో అకాలమున పోయిన పునీత్ రాజ్‌కుమార్ చేతులు కట్టుకొని నిలిచియున్నాడు. వీరి నడుమ మన సైకిలు, మన ఫ్యాను, మన గాజు గ్లాసు కూడ, పొరుగింటి పెండ్లికి వచ్చిన చుట్టములవలె, కొంచెము ఒదిగి, కొంచెము దర్పముతో కూర్చుండియున్నవి.

‘స్టిక్కరు’ అను మాటకు బదులు అతుకుచీటీ యని ఎవరైన కల్పింపవచ్చును. కాని జనులు స్టిక్కరనియే అందురు గనుక మేమును అట్లే వాడుదుము. దీనికి మరియొక పేరు ‘రేడియం’. రహదారి ప్రక్కన చిన్న బంకులో కూర్చుండి, రంగురంగుల పొరలను కత్తితో కోసి అక్షరములు తీర్చువానిది రేడియం షాపు. ఈ పేరు వచ్చిన విధము చిత్రమైనది. 1898లో క్యూరీ దంపతులు కనుగొనిన రేడియమును తరువాత గడియారపు అంకెలకు పూసిరి. అవి చీకటిలో వెలిగెను. ఆనాటినుండి చీకటిలో మెఱయునదెల్ల జనుల నోట రేడియమే యయ్యెను. నేటి పొరలో రేడియము లేశమును లేదు. దానిలోనున్నవి సన్నని గాజుపూసలు. అవి ఎదుటి బండి దీపకాంతిని వచ్చిన దారినే త్రిప్పి పంపును. తనంత తాను వెలుగక, ఇతరుల వెలుగు పడినపుడే మెఱయుట రాజకీయపు చీటీకి తగిన గుణమే.

జిగురు తనలోనే గల చీటీని 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ యను నతడు వ్యాపారవస్తువుగా చేసెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కాలముననే క్యాన్సస్ సిటీలో ఫారెస్ట్ గిల్ అను ముద్రాపకుడు మోటారుబండ్ల వెనుక అతికించు చీటీలను ప్రచారములోనికి తెచ్చెను. వస్తువు క్రొత్తదే. కాని దాని వెనుకనున్న కోరిక ప్రాచీనము. హెబ్బగోడికి అనతిదూరమున బేగూరు నాగేశ్వరాలయమున సుమారు క్రీ.శ. 890 నాటి వీరశాసన మొకటి కలదు. ‘బెంగళూరు’ అను పేరు కనబడు ప్రాచీనశాసన మదియే. ఆ ఊరి యుద్ధమున చనిపోయిన యొకానొక యోధుని స్మరించుచు నిలిపిన రాయి యది. నలుగురు నడచు తావున ‘మేము ఫలానివారి పక్షమున నిలిచితిమి’ అని చాటుటకు ఆనాడు శిల కావలసెను, శిల్పి కావలసెను, ప్రభువుల ప్రాపు కావలసెను. నేడు ఇరువది రూపాయల పొర చాలును. ఈ రెంటి నడుమ జరిగినదే మన కథ.

తెలుగునాట సామాన్యుడు తన రాజకీయమును తన మేనిమీద ధరించిన తొలి ప్రసిద్ధ సంఘటన 1907లో రాజమహేంద్రవరమున జరిగినది. ఆ సంవత్సరము ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుడు వచ్చి ఉపన్యసించిన పిదప విద్యార్థులు ‘వందేమాతరం’ బ్యాడ్జీలు పెట్టుకొని తరగతులకు పోయిరి. ప్రిన్సిపాలు హంటరు దొర సహింపలేదు. ట్రైనింగు కాలేజీ విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి బహిష్కరించిరి. ఆ బ్యాడ్జీ ఎంత? అరచేతిలో పట్టునది. దానిపై వ్రాసినది ఒకే మాట. కాని దానిని ధరించినవాడు స్వయముగా ధరించెను, తీయుమన్నను తీయలేదు, ఫలమును తానే అనుభవించెను. ఈ మూడు లక్షణములను పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. చీటీకి గౌరవము వచ్చునది వీనివలననే.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున అన్నిటికంటె గొప్ప రాజకీయపు చీటీ ప్రభుత్వమువారే అతికించినది. 1951–52 నాటి ప్రథమ మహా నిర్వాచనములలో ప్రతి అభ్యర్థికి ప్రత్యేకముగా నొక ఇనుప పెట్టె యుండెను. పెట్టెమీద అతని గుర్తు గల చీటీ నంటించిరి. వోటరు తన పత్రమును తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో వేయవలెను. 1951 జనాభా లెక్కల ననుసరించి దేశమున చదువుకొనినవారు నూటికి పదునెనిమిది మందియే. ప్రథమ ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్‌గారి కార్యాలయము ఆ జనులకొఱకు బొమ్మలను వెదకెను. కాంగ్రెసునకు కాడి మోయు జోడెద్దులు, సోషలిస్టులకు మఱ్ఱిచెట్టు, ప్రకాశం పంతులుగారు చేరిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. 1957లోను ఈ పద్ధతియే సాగెను. 1962 సార్వత్రిక ఎన్నికలనాటికి అందఱి పేర్లును గుర్తులును ఒకే పత్రముమీదికి వచ్చెను. పెట్టెమీది చీటీ పోయెను. కాని జనుల మనస్సులకు అంటిన చీటీ పోలేదు. నేటికిని పల్లెలలో వోటు అభ్యర్థికి గాక ‘గుర్తునకు’ వేయుదురు.

పెట్టెలనుండి గుర్తులు గోడలమీదికి వచ్చెను. సున్నము, కావి, నీలిమందు, ఈతపుల్లల కుంచె, నిచ్చెన, రాత్రి లాంతరు — ఇవియే అప్పటి పరికరములు. పట్టణములలో మైదాపిండి యుడికించి చేసిన జిగురుతో వాల్‌పోస్టర్లు. ఈ వ్రాతలు ముదిరిన కొలది శాసనములు వచ్చెను. మదరాసులో 1959లో బహిరంగ స్థలముల వికృతీకరణమును నివారించు శాసనము చేసిరి. కర్ణాటకమున అట్టిది 1981లో వచ్చెను, ఆంధ్రప్రదేశమున 1997లో. ప్రజాప్రాతినిధ్య శాసనమునకు 1961లో చేర్చిన 127ఎ విభాగము ననుసరించి ఎన్నికల పోస్టరుమీద, కరపత్రముమీద ముద్రాపకుని పేరును ప్రకాశకుని పేరును ఉండి తీరవలెను. 1960లో కేరళమున మొలకెత్తిన ప్రవర్తనా నియమావళి పరుల గోడమీద వారి యనుమతి లేక వ్రాయరాదనియు, అతికింపరాదనియు చెప్పుచున్నది. 1990 మొదలు ఆరేండ్లు ప్రధాన కమీషనరుగా నుండిన శేషన్‌గారి పట్టుదలవలన ఈ మాట కాగితమునుండి వీథిలోనికి దిగెను. గోడలు తెల్లబడెను. గోడ దొరకని రాజకీయము బండ్లనెక్కెను.

బండి నెక్కుటకు తెలుగువారికి మరియొక ప్రేరణమును కలదు. 1982 మార్చి 29న నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశము పార్టీని ప్రకటించి, ‘చైతన్యరథము’ అను బండినెక్కి రాష్ట్రమంతయు తిరిగిరి. 1983 జనవరిలో అధికారమునకు వచ్చిరి. అంతకు ముందు బండి ప్రచారమునకు వాహనము. ఆ తరువాత బండియే ప్రచారము. నాయకుడు ఎక్కిన వాహనమును చూచిన యువకునికి తన మోటారుసైకిలు కూడ చిన్న రథముగా తోచుట సహజమే కదా.

బండిమీది చీటీ చట్టముతోనే తలపడిన ఘట్టము తెలంగాణ ఉద్యమకాలమున జరిగినది. రాష్ట్రము ఇంకను ఏర్పడక పూర్వమే ఉద్యమకారులు తమ నంబరు పలకలమీది ‘ఏపీ’ అను అక్షరములను మాపి, వానిపై ‘టీజీ’ అని అంటించుకొనిరి. వాహన శాసనముదృష్ట్యా అది నేరము. కాని వారి దృష్టిలో అది పుట్టబోవు రాష్ట్రమునకు ముందుగానే చేసిన నామకరణము. 2014 జూనులో రాష్ట్ర మేర్పడినపుడు ప్రభుత్వము ‘టీఎస్’ అను అక్షరముల నెన్నుకొనెను. పదియేండ్ల తరువాత అధికారము మారినపుడు, 2024 మార్చిలో, ఆ పాత ‘టీజీ’యే అధికారికముగా పలకలమీదికి వచ్చెను. ఒకప్పుడు పోలీసులు పీకివేసిన చీటీ తుదకు ప్రభుత్వముద్ర యయ్యెను. వీథిలోని జిగురుచీటీ రాజశాసనమైన దృష్టాంతములు చరిత్రలో అరుదు. వానిలో నొకటి మన తెలుగునేలమీదనే జరిగినది.

ఇట్టిదే వేఱొక రూపమున అమెరికాలో జరిగినది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రము వారి నంబరు పలకలమీద స్వేచ్ఛతో బ్రతుకుము లేదా మరణింపుము అను నర్థము గల సూక్తి ముద్రింపబడి యుండును. జార్జి మేనార్డ్ అను నతడు తన మతవిశ్వాసమునకు అది సరిపడదని ఆ మాటలపై పట్టీ యంటించెను, జరిమానా కట్టననెను, పదునైదు దినములు చెఱసాలలో నుండెను. 1977లో అచటి సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. ఒకని బండిని ప్రభుత్వపు మాటలు మోయు ఫలకముగా బలవంతముగా వాడరాదని దాని సారాంశము. ఉద్యమకారుడు తన మాటను అంటించెను. మేనార్డు పరుల మాటను కప్పెను. రెండును ఒకే హక్కునకు రెండు ముఖములు.

ఇక ఇటీవలి చరిత్రకు వత్తము. 2023 ఏప్రిల్ 7న ఆంధ్రప్రదేశమున నాటి అధికారపక్షమైన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ‘జగనన్నే మా భవిష్యత్తు’ అను పేర ఇంటింటి కార్యక్రమము నారంభించినది. ఒక కోటి అఱువది లక్షల కుటుంబములను కలియుట తమ లక్ష్యమని ఆ పక్షము ప్రకటించెను. కార్యకర్తలు ఇంటికి వచ్చి, ప్రశ్నలడిగి, ఇంటివారి సమ్మతితో ‘మా నమ్మకం నువ్వే జగన్’ అను స్టిక్కరును తలుపునకును, చేతి ఫోనునకును అంటించవలెనని యేర్పాటు. సమ్మతి నామమాత్రమే యని ప్రతిపక్షములు ఆక్షేపించెను. నమ్మకము లేదని చెప్పు ఎదురు స్టిక్కర్లను సిద్ధపఱచెను. ఈ సందడిలో ఒక కుక్క గోడమీది స్టిక్కరును పండ్లతో లాగివేయుచున్న దృశ్యము ఫోనులలో వ్యాపించెను. ముఖ్యమంత్రిని అవమానించినదని ఆ కుక్కపై విజయవాడలో కొందఱు స్త్రీలు వ్యంగ్యముగా పోలీసులకు ఫిర్యాదు నిచ్చిరి. తెలుగువారి హాస్యప్రియత్వమునకు లోపము లేదని దీనివలన తెలియవచ్చును. ఇంటింటికి పోవుట ఏ యొక్క పక్షపు సొత్తును కాదు. ఆ సంవత్సరమే తెలుగుదేశము వారును తమ హామీలతో గుమ్మము గుమ్మమునకు తిరిగిరి.

కర్ణాటకమున అంతకు ముందే, 2022 సెప్టెంబరులో, బెంగుళూరు గోడలమీద ‘పే సీఎం’ అను పోస్టర్లు వెలసెను. డబ్బు చెల్లించు ఫోను చదరపు గుర్తు నడుమ నాటి ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మైగారి ముఖమును ముద్రించి, పనులకు నూటికి నలువది వంతున కమీషను పుచ్చుకొనుచున్నారను ఆరోపణను కాంగ్రెసువారు అటు ప్రచారము చేసిరి. పోలీసులు కొందఱిని పట్టుకొనగా ఆ పక్షపు పెద్ద నాయకులే జిగురు పట్టుకొని వీథిలోనికి వచ్చి అతికించిరి. ఆ నగరముననే మరియొక చిత్రము గలదు. కాసరగోడు జిల్లా కుంబళకు చెందిన కరణ్ ఆచార్య 2015లో గీచిన హనుమంతుని ముఖము బండ్ల వెనుక అద్దములకు విపరీతముగా వ్యాపించినది. చిత్రకారుడు అది కోపము కాదు, దృఢత్వము అనెను. 2018 ఎన్నికలలో ప్రధానమంత్రి మోదీ దానిని ప్రశంసించెను. ఒకని కది భక్తి, ఒకని కది రాజకీయము, ఒకని కది భయము, మరియొకని కది వట్టి అందము. చీటీ మాటలాడదు, చూచువాడే దానిచేత మాటలాడించును.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టము 2024 వేసవిలోనిది. మే 13న ఆంధ్రప్రదేశమున పోలింగు ముగిసెను. లెక్కింపు జూన్ 4న. నడుమ మూడు వారములు పనిలేదు. అప్పుడు పవన్ కల్యాణ్‌గారి యభిమానులు తమ బండ్లకు ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని స్టిక్కర్లు వేయించుకొనిరి. ఎదుటి పక్షమువారు తమ అభ్యర్థిని గెలిచినచో ఉపముఖ్యమంత్రి యగునని తమ నాయకుడు చెప్పియుండుటచే ‘డిప్యూటీ సీఎం గారి తాలూకా’ అని ప్రతిగా వేయించుకొనిరి. ఫలితములు వచ్చినపుడు రెండు చీటీలును ఒకే మనిషికి వర్తించెను: పవన్ కల్యాణ్ పిఠాపురమున గెలిచిరి, జూనులో ఉపముఖ్యమంత్రియు అయిరి. కాలపురుషుడు కూడ స్టిక్కర్లు చదువునేమో!

ఆ చీటీ హెబ్బగోడిలోను మాకు కనబడినది. ఆనేకల్ తాలూకాలో నిలిచి పిఠాపురపు తాలూకాను చాటుచున్న ఆ మడ్గార్డు ముందు మేము చాలసేపు నిలిచితిమి. ‘తాలూకా’ అరబ్బీ మాట. సంబంధము, అంటియుండుట అని దాని మూలార్థము. రెవిన్యూవారు దానిని భూభాగపు పేరు చేసిరి. కాని గోదావరి జిల్లాలవారు ‘ఫలానివారి తాలూకు’ అనునపుడు మూలార్థమునే వాడుచున్నారు. అంటియుండుట! అదియే కదా స్టిక్కరు పని. పొట్టకూటికై పుట్టినూరు విడిచి వచ్చిన యువకుడు, చుట్టును తన లిపి కానరాని వీథిలో, తాను దేనికి అంటియున్నాడో తన బండి వెనుక వ్రాసికొనెను. దానిని వట్టి అభిమానపు పిచ్చి యని నవ్వుట సులభము. అది ఒక చిరునామా యని మాకు తోచినది.

ఆ బండి గల అబ్బాయి మమ్ము చూచి బయటికి వచ్చెను. బొమ్మసంద్రలో నొక కర్మాగారమున పని యట. “మీ గది తలుపుమీద ఏమియు లేదేమి నాయనా?” అని మాలో నొకరడిగిరి. “ఇంటావిడ ఒప్పుకోదు సార్” అని నవ్వెను. ఇంటావిడ పెద్దది, కన్నడమును తెలుగును ఒకే ఊపిరిలో మాటలాడును. ఆమె గడపలోనుండియే, “ఏ పార్టీదైనా వద్దు నాయనా. పీకినప్పుడు సున్నం కూడా లేచొస్తాది, మళ్లా ఎవరు కొట్టిస్తారు?” అనెను. రాజనీతిశాస్త్రములో ఇంతకంటె స్పష్టమైన వాక్యము మేము చదువలేదు. అంటించుట ఒకరి సంతోషము. లేచిపోయిన సున్నపు ఖర్చు మరియొకరిది. అందుచేత ఆ అబ్బాయి తన రాజకీయమును బండిమీదను శిరస్త్రాణముమీదను నిలుపుకొనెను. అవి అతనివి, సున్నము లేచినను అతనిదే నష్టము.

ఇంకొకరి కథ ఇంత తేలికయైనది కాదు. అదే వీథిలో కాపురమున్న యొకానొక మధ్యవయస్కుడు పలమనేరు వైపు పల్లెవాడు. ఊరిలో తల్లి యొక్కతియే యుండును. ఒకనాడు ఫోనులో ఆమె తలుపుమీద చీటీ కనబడెనట. ఏ పక్షపు చీటీయో ఇచట చెప్ప నవసరము లేదు. ఏ పక్షమైనను కథ మారదు. “ఎవరు అతికించినారమ్మా?” అని యడిగెను. “వాళ్లే అతికించి పోయినారు నాయనా. వద్దంటే ఏమనుకుంటారో అని గమ్మునుంటిని.” “అయితే చించేయమ్మా.” ఆమె కొంచెము సేపు మాటలాడలేదు. “చించితే ఇంకొకటి చెప్పినట్టు గదా” అనెను.

ఆ తల్లి మాటలో ఈ విషయమంతయు ఇమిడియున్నది. వోటు రహస్యము. ఆ రహస్యమును కాపాడుటకు ప్రజాప్రాతినిధ్య శాసనమున ప్రత్యేక విభాగమే కలదు. 1952లో పెట్టెమీద చీటీ నతికించి, వోటరును తెరచాటున నిలిపినది ఎవరు ఎచట వేసిరో ఇతరులకు తెలియకుండుటకే. చీటీ పెట్టెమీద నుండవలెను, మనిషిమీద కాదు. ఆ పెట్టెమీది చీటీ ఊరిలోనికి నడచివచ్చి ఇంటి తలుపునకు అంటినపుడు తెర తొలగుచున్నది. అంతకంటె సూక్ష్మమైన మాట యొకటి కలదు. వీథిలో పదియిండ్లకు చీటీ యుండి పదునొకండవ యింటికి లేనపుడు ఆ బోసి తలుపు కూడ మాటలాడుట మొదలుపెట్టును. ఏమియు చెప్పకుండుట యను ఆశ్రయము అప్పుడు నశించును. పింఛనుకో, పట్టాకో ఒకరి వాకిట నిలువవలసిన పేదరాలికి ఆ ఆశ్రయమే ముఖ్యము.

మాటలాడు హక్కులో మాటలాడకుండు హక్కును ఇమిడియున్నదని మన సుప్రీంకోర్టు 1986లోనే చెప్పినది. కేరళమున జెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడువేళ గౌరవముగా లేచి నిలుచుచు నోరు మెదపకుండిరి, బడినుండి తొలగింపబడిరి. న్యాయస్థానము వారిని తిరిగి చేర్చుకొనుమని తీర్పు చెప్పెను. మేనార్డు పట్టీకిని, ఈ పిల్లల మౌనమునకును, పలమనేరు తల్లి తలుపునకును దేశకాలముల దూర మెంతైన నుండవచ్చును, ధర్మము ఒక్కటే.

ఇట్లని స్టిక్కర్ల నన్నిటిని నిషేధింప వలయునని మేము చెప్పుట లేదు. నిషేధములకు కొదవ లేదు. 2018 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు మందలింపుమీద బెంగుళూరులోని ఫ్లెక్సీలను తొలగించిరి. మెట్రో బండ్లలోను, నిలయములలోను అనుమతి లేక అతికించుట 2002 నాటి శాసనము ననుసరించి నేరము. చెన్నపట్టణమున 2024 మే 2వ తేదీనుండి వాహనములమీది పదవుల, పక్షముల గుర్తులపై పోలీసులు జరిమానాలు వేయసాగిరి. పదవిలేనివాడు పదవి చీటీ పెట్టుకొని దారి యడుగుట తప్పే. నంబరు పలకను కప్పుటయు ప్రమాదమే. కాని పత్రికలో వ్యాసము వ్రాయలేనివానికి, సభలో వేదిక దొరకనివానికి, పరభాషా నగరమున తన మాట వినువారు లేనివానికి మడ్గార్డు మీది జానెడు చోటు ఒక పత్రికయే. దానిని తుడిచివేసినచో వీథి శుభ్రపడునేమో గాని ప్రజాస్వామ్యము శుభ్రపడదు. కావలసినది ఒకే భేదము. తన వస్తువుమీద తానై అంటించుకొనినది అభిప్రాయము. పరుల తలుపుమీద అంటించినది ముద్ర. గాడిచర్లవారి బ్యాడ్జీ మొదటి జాతిది. పశువుల కాపరి మందకు వేయు ముద్ర రెండవ జాతిది.

హెబ్బగోడి తెలుగువారికి ఈ భేదము మరియొక ప్రశ్నను కూడ ముందుంచుచున్నది. 2024లో ఏప్రిల్ 26న ఇచట, బెంగుళూరు గ్రామీణ లోక్‌సభ నియోజకవర్గమున, పోలింగు జరిగినపుడు పలువురు తెలుగు కార్మికులు కారణము తెలియక సెలవు దినముగా గడపిరి. మే 13న ఆంధ్రప్రదేశమున పోలింగునకు వారే బస్సుల పైకప్పులవఱకు నిండి ఊళ్లకు పోయిరి. ఒకడు రెండుచోట్ల వోటరుగా నుండరాదని చట్టము. ఎచట సాధారణముగా నివసించునో అచటనే పేరుండవలెననియు చట్టమే. నీళ్ల ట్యాంకరు ధర, వీథి దీపము, మురుగుకాలువ, పిల్లల బడి — ఇవి ఆనేకల్ తాలూకావి. తల్లి పింఛను, రెండెకరముల పాసుపుస్తకము — అవి ఊరి తాలూకువి. మడ్గార్డుమీద ఏ ఊరి పేరైన వ్రాసికొనవచ్చును. వోటరు జాబితాలో మాత్రము ఒక్కటే వ్రాయవలెను. ఆ ఎన్నిక ఎవరికి వారు ఆలోచించి చేయవలసినదే గాని అలవాటుగా జరిగిపోవలసినది కాదు.

తుదకు మా సంఘములకు, ముఖ్యముగా యువకులకు, ఒక చిన్న విన్నపము. బేగూరు శాసనము పదునొకండు శతాబ్దములు నిలిచినది; రాయి గనుక నిలిచినది. స్టిక్కరు రెండు వానలకు రంగు మాయును, మూడవ వేసవికి ఊడిపోవును. 1952 నాటి పెట్టెలమీది చీటీలు ఎన్ని మిగిలియున్నవి? రాజమహేంద్రవరపు బ్యాడ్జీ ఒక్కటైన మన యిండ్లలో నున్నదా? పెద్దలు పారవైచినవానిని తలచి విచారించుటకంటె మన కన్నుల యెదుట నున్నవానిని భద్రపఱచుట మేలు. ప్రతి ఎన్నికకును ఇచటి తెలుగువారి బండ్లమీది చీటీల ఛాయాచిత్రములు తీసి, తేదీ వేసి, వీథి పేరు వ్రాసి, మనిషి పేరు మాత్రము వ్రాయక, ఒక సంపుటముగా కూర్చినచో, రాబోవు తరములవారికి మన ఉపన్యాసములకంటె అదియే ఎక్కువ చెప్పును.

మేము తిరిగి వచ్చునప్పటికి ఎండ యెక్కినది. ఇంటావిడ గడప కడిగి ముగ్గు వేసి యుండెను. తలుపు బోసిగా, తెల్లగా నుండెను. ప్రక్కన బండి తన పిఠాపురమును మోయుచు నిలిచి యుండెను. ఒకటి మాటలాడుచున్నది, ఒకటి మౌనముగా నున్నది. రెండును ఎవరి బలవంతమును లేక. పలమనేరు ప్రక్కనున్న ఆ పల్లెలోని తలుపునకు కూడ అట్టి దినము రావలెనని మేము కోరుచున్నాము.